కొల్లేటికి గీసిన గీతలు

కొల్లేరు ఒకప్పుడు సముద్రంలో భాగం. అటు గోదావరి, ఇటు కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రుతో రెండు డెల్టాలూ ముందుకు పెరిగాయి. మధ్యనున్న పల్లానికి కెరటాలు ఇసుక తిన్నెలను అడ్డం పోశాయి. కడలి వెనక్కి జరిగింది, లోపల చిక్కిన నీరు మంచినీటి సరస్సయింది. దక్షిణాన పొలాల మధ్య కనిపించే ఇసుక మెరకలు ఆ పాత తీరాల ఆనవాళ్లు. నేటికీ సముద్రంతో బంధం కలిపేది ఉప్పుటేరే.

సరస్సు ప్రస్తావన శిలమీద తొలినాళ్లలోనే కనిపిస్తుంది. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనం రెండో పులకేశి దండయాత్రను చెబుతూ పేర్కొన్న కునాల జలాలు కొల్లేటివేనని చరిత్రకారుల గుర్తింపు. అయితే దాని హద్దులు అప్పటికి లంకల (సరస్సు లోపలి మెరక ఊళ్ల) జనానికే తెలుసు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు కాలువ సాగింది. కాలువ పారాలంటే నేల వాలు తెలియాలి, అందుకే ఇక్కడ అంగుళం ఎత్తుకూ విలువ వచ్చింది. సముద్రమట్టానికి 3 అడుగుల కాంటూరులో, అంటే అంత ఎత్తున్న చోట్లను కలిపే గీత లోపల, కొల్లేరు సుమారు 135 చదరపు కిలోమీటర్లు, 5 అడుగులకు 308, 10 అడుగులకు 901. కేవలం ఏడడుగుల తేడాకు సరస్సు దాదాపు ఏడింతలు!

1999లో ప్రభుత్వం కొల్లేరును 5 అడుగుల కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడు విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే 10 అడుగుల లెక్కే. ఈ రెండు లెక్కల నడుమ వేలాది కుటుంబాల బతుకు ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో పరిశీలిస్తే, సరస్సు గర్భంలో దాదాపు వంద చదరపు కిలోమీటర్ల మేర చేపల చెరువులు తేలాయి. 2006లో ప్రభుత్వం ఆ చెరువుల గట్లు కొట్టించింది. 2008లో శాసనసభ హద్దును 3 అడుగులకు తగ్గించాలని తీర్మానించింది.

కాంటూరు ఎత్తును చెబుతుంది, నీటి దారిని చెప్పదు. చెరువు గట్లు లేస్తే అదే ఎత్తులో వరద లంకల మీద నిలిచిపోతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు చేరేదీ ఇక్కడికే. కాబట్టి సరస్సుకు కొత్త పటం గీస్తే అందులో వరద మట్టం, వేసవి మట్టం, బుడమేరు, తమ్మిలేరు వచ్చే దారులు, ఉప్పుటేరు వెడల్పు, లంకల హద్దులు, పట్టా భూములు అన్నీ ఉండాలి. లంకవాసుల్ని పక్కన నిలబెట్టుకుని సర్వే చేయాలి. అలా గీసిన హద్దును కాపాడమని వాళ్లను అడిగే హక్కు అప్పుడే మనకు వస్తుంది.