మూతపడిన విద్యాలయములు – విదేశవిద్యార్థుల వీసాలు

హైదరాబాదు నగరపు తూర్పుభాగమున దిల్‌సుఖ్‌నగర్, లాల్ బహదూర్ నగర్ అను పేటలు గలవు. రెండవదానిని జనులు ఎల్.బి. నగర్ అనియే వ్యవహరింతురు. విజయవాడ నుండి వచ్చు రాజమార్గము ఈ దిక్కుననే నగరమును ప్రవేశించుచున్నది. నాగార్జునసాగరము దారియు ఇచ్చటనే కలియుచున్నది. అందుచేత నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు ప్రాంతముల నుండి చదువునకై వచ్చు యువజనులకు ఈ పేటలు తొలి మజిలీలైనవి. హాస్టళ్ళు, కంప్యూటరు శిక్షణాలయములు, ఇంగ్లీషు నేర్పు సంస్థలు, విదేశవిద్యకు దరఖాస్తులు సిద్ధపరచు కన్సల్టెన్సీలు ఇచ్చట ఒకదాని ప్రక్క నొకటి వెలసినవి. ఇట్టి వీధులలో సిద్ధపడి అమెరికాకు పోయిన విద్యార్థి, అచ్చట తాను చేరిన విద్యాలయమే మూతపడినచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము ఆ దేశపు వలసశాసనముల చరిత్రయందున్నది.

1924వ సంవత్సరపు వలసశాసనము విద్యార్థికి ప్రవేశము కల్పించుచు, అతడు ప్రభుత్వము అంగీకరించిన విద్యాలయమునందే చేరవలెనని విధించెను. విద్యార్థి చదువు మానినచో ఆ సంగతి విద్యాలయము ప్రభుత్వమునకు తెలుపవలెను. తెలుపనిచో దాని అంగీకారము రద్దగును. 1952వ సంవత్సరపు శాసనము విద్యార్థులను ‘ఎఫ్’ అను తరగతిగా నిర్ణయించినను ఈ మూలసూత్రము మారలేదు. 1996వ సంవత్సరపు శాసనము ఆదేశించిన సమాచారసేకరణము 2003 నుండి ‘సెవిస్’ అను కంప్యూటరు పట్టికగా అమలులోనికి వచ్చినది. అనగా విద్యార్థి నివాసహక్కు మొదటి నుండియు విద్యాలయము చేతిలోని త్రాటికి కట్టబడియున్నది.

ఇచ్చట ఒక పదవివేచనము అవసరము. మన వాడుకలో ‘వీసా పోయినది’ అను మాట రెండు వేర్వేరు విషయములను కలిపివేయుచున్నది. వీసా యనగా దేశపు వాకిటికి చేరి ప్రవేశము కోరుటకిచ్చు అనుమతి. లోపల నిలుచుటకు గల హక్కు ‘స్టేటస్’. విద్యాలయము అంగీకారమును కోల్పోయినప్పుడు పాసుపోర్టులోని ముద్ర చెక్కుచెదరకయే యుండవచ్చును. ఐనను నిలువనీడ కదలిపోవును. అప్పుడు విద్యార్థి వేరొక విద్యాలయమునకు మారవలెను, లేదా వేరొక తరగతి హక్కును పొందవలెను, లేదా పోయిన స్టేటస్‌ను పునరుద్ధరింపుమని సాధారణముగా ఐదు నెలలలోపల కోరవలెను. ఇవి యేవియు కానిచో దేశము విడువవలెను.

భాషాపాఠశాలల విషయమున ఈ బంధము మరింత స్పష్టము. కేవలము ఇంగ్లీషు నేర్చుటకై పోవువారును ‘ఎఫ్’ తరగతివారే. 2010 డిసెంబరులో వెలువడిన శాసనము అట్టి శిక్షణకు గుర్తింపుసంస్థ ఆమోదము తప్పనిసరి చేసెను. 2016 డిసెంబరులో అమెరికా విద్యాశాఖ ‘ఎ.సి.ఐ.సి.ఎస్.’ అను గుర్తింపుసంస్థకే తన గుర్తింపును తొలగించినప్పుడు, దానిపై ఆధారపడిన భాషాశిక్షణలు వేరొక ఆమోదము వెదకుకొనవలసి వచ్చినది. మన విద్యార్థులలో పెక్కుమంది భాషాపాఠశాలలకు గాక పైచదువులకే పోవుదురు. ఐనను వారిని కట్టిన త్రాడు అదియే.

ఆ త్రాడు తెగినప్పటి దుఃస్థితిని తెలుగువారు 2011లో ఎరిగిరి. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ పట్టణమున 2008లో స్థాపితమైన ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయమును 2011 జనవరి 19న అధికారులు సోదాచేసి మూసివేసిరి. విద్యార్థులలో అత్యధికులు భారతీయులు. వారిలో అనేకులు నాటి ఆంధ్రప్రదేశమువారు. కొందరి కాళ్ళకు జాడ తెలుపు రేడియో పరికరములు తగిలింపగా భారతప్రభుత్వము ఆక్షేపించెను. కొందరు వేరు విద్యాలయములకు మారగలిగిరి, కొందరు తిరిగివచ్చిరి. స్థాపకురాలికి 2014లో పదునారేండ్లకు పైబడిన కారాగారశిక్ష పడినది. దోషి శిక్షింపబడుట న్యాయమే. కాని ఆ తీర్పునకు మూడేండ్లు ముందుగనే విద్యార్థుల చదువు చెదరిపోయినది.

2019 జనవరిలో బయల్పడిన ఫార్మింగ్టన్ వ్యవహారము ఇంకను విచిత్రము. మిచిగన్ రాష్ట్రమున నున్న ఆ ‘విశ్వవిద్యాలయము’ వలస అధికారులే పన్నిన వల. అందు అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. పట్టుబడినవారిలో తెలుగు విద్యార్థులు పెక్కుమంది. చదువు లేదని వారికి తెలియునని ప్రభుత్వము వాదించెను. గుర్తింపు పొందిన సంస్థగా చూపినందుననే నమ్మితిమని విద్యార్థుల పక్షము. చెల్లించిన రుసుము తిరిగి ఇప్పింపుమను దావా సాగవచ్చునని 2024లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము నిర్ణయించినది.

ఈ ఉదంతములలో విద్యార్థులందరును నిర్దోషులని చెప్పుట సత్యము కాదు. ఉద్యోగమే ప్రధానముగా నెంచి తరగతి లేని చదువును ఎరిగియే ఎన్నుకొన్నవారు నుండవచ్చును. కాని ఎరిగినవానిని, ఎరుగనివానిని వేరుచేయుటకు ముందే శాసనము ఇరువురి స్టేటస్‌ను ఒక్క వ్రేటున కదల్చుచున్నది. పొలము తాకట్టుపెట్టియో అప్పుచేసియో పంపిన కుటుంబమునకు ఈ తారతమ్యవిచారము ఆలస్యముగా అందిన న్యాయమే.

కావున దిల్‌సుఖ్‌నగర్ వీధులలో దరఖాస్తు పూరించు విద్యార్థి అడుగవలసిన మొదటి ప్రశ్న వీసా వచ్చునా యని కాదు; తనకు నీడనిచ్చు విద్యాలయము ఎవరి ఆమోదముపై నిలిచియున్నది యని. చరిత్రకారునకును ఇచ్చట పని గలదు. కన్సల్టెన్సీల కరపత్రములు, గోడప్రకటనలు, ఇంటికి వ్రాసిన జాబులు త్వరలో నశించును. వానిని సేకరించినగాని ఈ వలస చరిత్ర న్యాయస్థానముల తీర్పులలో మాత్రమే మిగులును. ఆ తీర్పులలో తల్లిదండ్రుల మాట వినబడదు.