మత్తు వదిలిందని మందు ఆపేస్తున్నారా? అసలు ప్రమాదం అప్పుడే!

హెరాయిన్, నల్లమందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు.. ఇవన్నీ ఓపియాయిడ్ రకం మత్తు పదార్థాలే. వీటికి అలవాటు పడినవారిని చికిత్సలో చేర్పించడం ఒక ఎత్తు, మధ్యలో మానేయకుండా చూసుకోవడం మరో ఎత్తు.

సమస్య ఎంత?

కేంద్రం 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. వారిలో దాదాపు 77 లక్షల మందికి సాయం అవసరం. ట్రమడాల్‌ను 2018లోనే మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. 2025 మార్చిలో 'ఆపరేషన్ గరుడ' పేరుతో ఏపీలోని మెడికల్ షాపుల్లో ఈగల్ బృందాలు సోదాలు చేశాయి.

చికిత్స ఏంటి?

బుప్రెనార్ఫిన్ మాత్రను నాలుక కింద పెట్టుకోవాలి. మెథడోన్ అయితే తాగే మందు. ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం తగ్గుతాయి, మత్తు మీద యావ కూడా తగ్గుతుంది. 'ఒక మత్తు పోయి ఇంకో మత్తు' అనుకోవడం సరికాదు. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు వాడాల్సి రావచ్చు.

ఆపేస్తే?

కొన్నాళ్లు మానేసరికి శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మళ్లీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. చికిత్స ఆపిన మొదటి నాలుగు వారాలు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఎందుకు మానేస్తారు?

పామర్రు నుంచి బందరుకో, విజయవాడకో వెళ్లి రావాలంటే బస్సు ఛార్జీతో పాటు ఆ రోజు కూలీ పోతుంది. నాట్లు, కోతల రోజుల్లో ఇంకా కష్టం. 'బాగానే ఉన్నాడుగా, ఇంకా మందులెందుకు?' అని ఇంట్లోవాళ్లే అంటారు. ఎవరైనా చూస్తారేమోనన్న భయం సరేసరి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

* పని రోజులు, దూరం సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. పరిస్థితి నిలకడగా ఉంటే కొన్ని రోజుల మందు ఇంటికి ఇచ్చే వీలుందేమో అడగండి.
* మోతాదు సొంతంగా తగ్గించొద్దు. మద్యం, నిద్రమాత్రలు కలపొద్దు.
* మాత్రలు పిల్లలకు అందకుండా తాళం వేయండి.
* మళ్లీ మత్తు తీసుకున్నాడని తిట్టి బయటికి పంపొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

సాయానికి ఫోన్ చేయాల్సిన నంబర్లు: మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416, ఏపీ ఈగల్ 1972. ఊపిరి మందగిస్తే ఆలస్యం చేయకుండా 108కి కాల్ చేయండి.