డబ్ల్యు.డబ్ల్యు.ఓ.జెడ్. (న్యూ ఓర్లీన్స్ జాజ్ రేడియో కేంద్రం)

అమెరికాలోని లూసియానా రాష్ట్రం, న్యూ ఓర్లీన్స్ నగరం నుంచి ఎఫ్.ఎం. 90.7 మెగాహెర్ట్జ్‌పై వినిపించే వాణిజ్యేతర రేడియో కేంద్రం. 1980 డిసెంబరు 4న ప్రసారాలు మొదలయ్యాయి. జాజ్, బ్లూస్, రిథమ్ అండ్ బ్లూస్, గాస్పెల్, కేజన్, జైడికో, బ్రాస్ బ్యాండ్ సంగీతాలకు ఇక్కడ ప్రాధాన్యం. కార్యక్రమాలు నిర్వహించేవారిలో అత్యధికులు జీతం తీసుకోని సంగీతాభిమానులు, సంగీతకారులు. నగరవాసులు ఈ కేంద్రాన్ని ముద్దుగా 'ఓజీ' అని పిలుస్తారు.

నేపథ్యం

బానిసత్వంలో మగ్గిన ఆఫ్రికన్లు ఆదివారాలు కాంగో స్క్వేర్ మైదానంలో చేరి డప్పులు వాయిస్తూ ఆడిపాడిన కాలం నుంచి, 19వ శతాబ్దం చివర కార్నెట్ వాద్యకారుడు బడ్డీ బోల్డెన్ పేరు మోగిన రోజుల దాకా ఈ నగర సంగీతం వీధుల్లోనే పెరిగింది. మొదటి జాజ్ రికార్డు 1917లో వెలువడింది. 1901లో ఇక్కడ పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో షికాగో వెళ్లిపోయాడు.

నగరంలో రేడియో కూడా 1922లోనే మొదలైంది. లొయోలా విశ్వవిద్యాలయం ఆ ఏడాది డబ్ల్యు.డబ్ల్యు.ఎల్. కేంద్రాన్ని స్థాపించింది. అయితే నల్లజాతి వ్యాఖ్యాత నడిపే పాటల కార్యక్రమం రేడియోలో వినబడటానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది. డిలార్డ్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు వెర్నన్ విన్స్‌లో 1940ల చివర డబ్ల్యు.జె.ఎం.ఆర్. కేంద్రంలో 'పాపా స్టాపా' అనే పాత్రకు మాటలు రాసేవాడు. వాటిని చదివేది మాత్రం తెల్లజాతి వ్యాఖ్యాత. 1949లో విన్స్‌లో 'డాక్టర్ డాడీ-ఓ' పేరుతో డబ్ల్యు.డబ్ల్యు.ఈ.జెడ్. కేంద్రంలో సొంత గొంతుతో ప్రసారాలు మొదలుపెట్టాడు. నగర రేడియో చరిత్రలో ఇది గొప్ప మలుపు. అదే ఏడాది డిసెంబరులో నార్త్ రాంపార్ట్ వీధిలోని కోసిమో మటాసా స్టూడియోలో ఫాట్స్ డొమినో 'ది ఫ్యాట్ మ్యాన్' పాటను రికార్డు చేశాడు.

1961లో ప్రిజర్వేషన్ హాల్ తెరుచుకుంది. 1970లో కాంగో స్క్వేర్‌లోనే జాజ్ అండ్ హెరిటేజ్ ఫెస్టివల్ (జాజ్ ఫెస్ట్) మొదలైంది. జార్జ్ వీన్ నిర్వహించిన ఆ తొలి ఉత్సవానికి మహాలియా జాక్సన్, డ్యూక్ ఎలింగ్టన్ వచ్చారు. జనం మరిచిపోయిన పియానో విద్వాంసుడు ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్‌ను 1971 ఉత్సవం మళ్లీ వేదికెక్కించింది. ఆయన పాట పేరే పెట్టుకుని 1977లో టిపిటీనాస్ అనే సంగీతశాల వెలిసింది. 1980 జనవరి 30న ఆయన మరణించారు. డబ్ల్యు.డబ్ల్యు.ఓ.జెడ్. మొదలైంది ఆ సంవత్సరాంతంలోనే.

స్థాపన

అమెరికాలో 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఎఫ్.ఎం. భాగం వ్యాపార ప్రకటనలు లేని కేంద్రాలకే ప్రత్యేకం. టెక్సాస్ నుంచి వచ్చి 1970లలో న్యూ ఓర్లీన్స్‌లో స్థిరపడిన వాల్టర్ బ్రాక్, జెర్రీ బ్రాక్ అనే అన్నదమ్ములు ఆ భాగంలో ఒక స్థానం కోసం ఏళ్ల తరబడి పాటుపడ్డారు. ఊరంతా సంగీతమున్నా దానికి తనదంటూ ఒక రేడియో లేదన్నది వారి బాధ. లైసెన్సు పొందిన సంస్థకు నోరా బ్లాచ్ పేరు పెట్టారు. ఆమె 1905లో కార్నెల్‌లో సివిల్ ఇంజనీరింగ్ పట్టా అందుకున్న మహిళ, రేడియో మార్గదర్శకుడు లీ డి ఫారెస్ట్‌కు కొంతకాలం భార్య, ఆయన ప్రయోగాలలో సహచరి. కేంద్రం పేరులోని చివరి అక్షరాలు 'విజర్డ్ ఆఫ్ ఓజ్' కథ నుంచి వచ్చాయి. తెర వెనుక మనిషి కన్నా తెర ముందు వినబడే సంగీతమే ముఖ్యమని స్థాపకుల ఉద్దేశం.

తొలి ప్రసారాలు మిసిసిపీ నది అవతలి ఒడ్డున, బ్రిడ్జ్ సిటీలోని ట్రాన్స్‌మిటర్ దగ్గరున్న చిన్న సిమెంటు ఇటుకల గది నుంచి వెలువడ్డాయి. తరువాత కేంద్రం టిపిటీనాస్ మేడమీదికి మారింది. కింద కచేరీ జరుగుతుంటే పైనుంచి నేలకున్న కన్నంలోంచి మైకును కిందికి వేలాడదీసి ప్రత్యక్ష ప్రసారం చేసేవారు. పరికరాలు అంతంతమాత్రమే అయినా, అరుదైన కచేరీలు ఇంటింటికీ చేరాయి. 1980ల మధ్యలో కేంద్రం ట్రెమే పేటలోని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కుకు తరలింది. కాంగో స్క్వేర్ ఆ ఆవరణలోనే ఉంది. ఫాట్స్ డొమినో పాడిన పాత స్టూడియో భవనం రోడ్డుకు అవతలే.

వ్యాఖ్యాతలు, సంగీత సమాజం

ఈ కేంద్రంలో వ్యాఖ్యాతకు పాండిత్యం కన్నా పేటతో ఉన్న పరిచయం ముఖ్యం. ఎవరు ఏ రికార్డు వేయాలో పైనుంచి జాబితా రాదు. సొంత రికార్డుల సంచీతో వచ్చి గంటలకొద్దీ పాటలు, వాటి వెనుక మనుషుల కథలు వినిపించడం ఇక్కడి ఆనవాయితీ. 1961లో 'మదర్-ఇన్-లా' పాటతో దేశమంతటా మొదటి స్థానానికి ఎక్కి, ఆ తరువాత మరుగునపడిన గాయకుడు ఎర్నీ కె-డో 1980లలో ఇక్కడ వ్యాఖ్యాతగా ఊరి జనానికి మళ్లీ దగ్గరయ్యాడు. తనను తాను పొగుడుకుంటూ గుక్కతిప్పుకోకుండా సాగే ఆయన మాటల టేపులను అభిమానులు దాచుకున్నారు.

'లైవ్ వైర్' అనే ప్రకటనలో ఆ రోజు ఏ క్లబ్బులో ఎవరి కచేరీ ఉందో రోజూ చదివి వినిపిస్తారు. వాద్యకారులకు ఇది బతుకుతెరువుతో ముడిపడిన సమాచారం. రేడియోలో పేరు వినబడితే ఆ రాత్రి హాలుకు నలుగురు ఎక్కువ వస్తారు. 'టేకిన్ ఇట్ టు ద స్ట్రీట్స్' అనే శీర్షిక సెకండ్ లైన్ ఊరేగింపులు ఎక్కడ బయలుదేరి ఏ వీధుల గుండా పోతాయో తెలుపుతుంది. పేటల పరస్పర సహాయ సంఘాలు బ్రాస్ బ్యాండ్లతో జరిపే ఈ ఊరేగింపుల్లో జనం వెంట నడుస్తూ నాట్యమాడతారు. 1977లో ఏర్పడిన డర్టీ డజన్, 1983లో ఏర్పడిన రీబర్త్ వంటి బ్యాండ్లు ఈ వీధుల్లోంచే ప్రపంచ వేదికలకు ఎదిగాయి.

యాజమాన్యం, ఆదాయం

1980ల రెండో భాగంలో కేంద్రం ఆర్థికంగా కుంగినప్పుడు జాజ్ అండ్ హెరిటేజ్ ఫౌండేషన్ దాన్ని చేపట్టింది. జాజ్ ఫెస్ట్ యాజమాన్యం కూడా ఈ సంస్థదే. 1992 నుంచి 2016 వరకు డేవిడ్ ఫ్రీడ్‌మన్ జనరల్ మేనేజరుగా ఉన్నారు.

శ్రోతల చందాలే ప్రధాన ఆధారం. పెద్ద చందా ఇచ్చినవారికి ఉత్సవం అన్ని రోజులూ చెల్లే 'బ్రాస్ పాస్' లభిస్తుంది. ఉత్సవ మైదానంలో కేంద్రం తరఫున అమ్మే మామిడిపండు ఐస్, 'మ్యాంగో ఫ్రీజ్', ఎంతో ప్రసిద్ధి. ఉత్సవపు రెండు వారాంతాల నడుమ వచ్చే సోమవారం జరిగే 'పియానో నైట్' కచేరీ కూడా నిధుల కోసమే.

కత్రినా తుపాను

2005 ఆగస్టు 29న కత్రినా తుపానుకు వరదగట్లు తెగి నగరంలో 80 శాతం మునిగింది. ప్రసారాలు ఆగిపోయాయి. సంగీతకారులు హ్యూస్టన్, అట్లాంటా, బాటన్ రూజ్ తదితర నగరాలకు చెదిరిపోయారు. కొన్ని రోజులకే న్యూజెర్సీలోని డబ్ల్యు.ఎఫ్.ఎం.యు. అనే శ్రోతల రేడియో తన ఇంటర్నెట్ సర్వర్లలో చోటివ్వగా, కేంద్రం 'ప్రవాసంలో ఓజీ' పేరుతో మళ్లీ వినిపించింది. క్షేమంగా ఉన్నట్టు తెలిసిన సంగీతకారుల జాబితాను తన వెబ్‌సైటులో పెట్టింది. ఆ రోజుల్లో ఎందరో తమ బ్యాండులోని తోటివారి ఆచూకీ అక్కడే వెతుక్కున్నారు. కేంద్రం చరిత్రలో ఇంతకన్నా విలువైన సేవ లేదు.

అక్టోబరులో బాటన్ రూజ్ నుంచి, డిసెంబరులో న్యూ ఓర్లీన్స్‌లోని ఫ్రెంచ్ మార్కెట్ భవనం నుంచి ప్రసారాలు సాగాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులోని పాత నెలవుకు కేంద్రం తిరిగి వెళ్లలేదు.

తరువాతి కాలం

2010 నుంచి 2013 వరకు వచ్చిన హెచ్.బి.ఓ. ధారావాహిక 'ట్రెమే'లోని రేడియో వ్యాఖ్యాత పాత్రకు ఇక్కడ పనిచేసిన సంగీతకారుడు డేవిస్ రోగన్ ప్రేరణ. కొవిడ్ వల్ల 2020లో జాజ్ ఫెస్ట్ రద్దయినప్పుడు, అది జరగవలసిన ఎనిమిది రోజులూ పాత ఉత్సవాల ధ్వనిముద్రణలను కేంద్రం ప్రసారం చేసింది. 1977లో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, స్టీవీ వండర్ కలిసి పాడిన పాట అందులో ఒకటి.

2025 జులైలో అమెరికా కాంగ్రెసు ప్రజా ప్రసార సంస్థలకు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్ల నిధిని వెనక్కి తీసుకుంది. దాంతో దేశంలోని ప్రజా రేడియోలన్నిటికీ శ్రోతల చందాల అవసరం మరింత పెరిగింది. డబ్ల్యు.డబ్ల్యు.ఓ.జెడ్. నడక మొదటినుంచీ ప్రధానంగా ఆ చందాల మీదా, జీతం అడగని వ్యాఖ్యాతల మీదా, తమ కచేరీల వివరాలు పంపే వాద్యకారుల మీదా ఆధారపడినదే.