చలికాలంలో కారు అద్దాలు లోపలి నుంచి మసకబారుతున్నాయా? ఇలా చేయండి

తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి విజయవాడకు బయలుదేరారు. కారులో నలుగురున్నారు. చలిగా ఉందని అద్దాలన్నీ మూసేశారు. పది నిమిషాలకే ముందు అద్దం మసకబారింది. వైపర్ వేసినా పోలేదు. కారణం.. ఆ తేమ బయట లేదు, లోపల ఉంది.

ఇలాంటప్పుడు బండి నడుపుతూనే అరచేత్తో అద్దం తుడవడం చాలామందికి అలవాటు. గంటకు 80 కి.మీ. వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు ముందుకెళ్తుంది. తుడవడానికి మూడు సెకన్లు పట్టినా 66 మీటర్ల దూరం సరిగ్గా చూడకుండానే దాటేసినట్టు. ఆ దూరంలో వెనక లైట్లు లేని ట్రాక్టర్ ఉంటే? అందుకే దీన్ని చిన్న చికాకుగా కొట్టిపారేయకూడదు.

అద్దం ఎందుకు మసకబారుతుంది?

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచుతుంది. 20 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో గరిష్ఠంగా 17 గ్రాముల ఆవిరి ఉండగలదు. 10 డిగ్రీల వద్ద అది 9 గ్రాములకు, సున్నా వద్ద 5 గ్రాముల లోపునకు పడిపోతుంది. మన ఊపిరి, తడి బట్టలు, తడి చెప్పుల నుంచి వచ్చే ఆవిరి కారులోని గాలిలో కలుస్తుంది. ఆ గాలి చల్లటి అద్దానికి తగలగానే, పట్టి ఉంచలేని తేమ సన్నని బిందువులుగా అంటుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టినట్టే ఇది కూడా.

మంచు పొరగా ఎప్పుడు మారుతుంది?

అద్దం ఉష్ణోగ్రత సున్నా లేదా అంతకంటే తగ్గితే ఆ తేమ గడ్డకడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో ఆరుబయట నిలిపిన కారు అద్దం చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువ చల్లబడుతుంది. కాబట్టి బయట రెండు, మూడు డిగ్రీలున్నా అద్దంపై మంచు పేరుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడల్లో ఆ పరిస్థితి రాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగి లాంటి చోట్ల రాత్రి కారు బయట పెట్టేవారు మాత్రం గమనించుకోవాలి. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఉంటున్న మనవాళ్లకు ఇది చలికాలమంతా ఉండే పని.

దారిలో మసకబారితే వెంటనే ఏం చేయాలి?

ముందు తేమ ఏ వైపు ఉందో తెలుసుకోండి. వైపర్ వేస్తే పోయిందంటే బయట ఉన్నట్టు. వానాకాలంలో ఏసీ బాగా పెంచినప్పుడు అలా జరుగుతుంది, చల్లదనం కొంచెం తగ్గిస్తే సరిపోతుంది. వైపర్‌తో పోకపోతే లోపలి తేమే. అప్పుడు ఈ వరుసలో చేయండి.

1. వేగం తగ్గించండి. ఏమీ కనిపించకపోతే రోడ్డు దిగి సురక్షితమైన చోట ఆపండి.
2. వంపు తిరిగిన అద్దం, దానిపై మూడు అలల బాణాలున్న బటన్ నొక్కండి. గాలి ముందు అద్దం మీదికి మళ్లుతుంది. ఫ్యాన్ పెంచండి.
3. ఏసీ ఆన్ చేసి, ఉష్ణోగ్రతను వెచ్చని వైపు తిప్పండి. చలిలో ఏసీ ఏమిటని అనుకోవద్దు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటర్ అద్దాన్ని వెచ్చబరుస్తుంది. రెండూ కలిస్తేనే త్వరగా పని జరుగుతుంది.
4. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉన్న బటన్ వెలుగుతుంటే ఆపేయండి. అది వెలుగుతున్నంతసేపూ మీ ఊపిరిలోని తేమే లోపల తిరుగుతుంది.
5. పక్క అద్దాలను ఒక అంగుళం దించండి.
6. వెనక అద్దానికి దీర్ఘచతురస్రంలో బాణాలున్న బటన్ నొక్కండి. అద్దంలోని సన్నని తీగలు వేడెక్కి తేమను ఆరబెడతాయి. కొన్ని చౌక మోడళ్లలో ఈ సదుపాయం ఉండదు.

అద్దం తేటపడగానే ఏసీ ఆపేయకండి. దాని లోపలి భాగంలో చేరిన నీరు మళ్లీ ఆవిరై అద్దాన్ని మసకబార్చవచ్చు.

అద్దం లోపల మంచు గడ్డకడితే?

ఇంజిన్ స్టార్ట్ చేసి వేడిగాలిని అద్దం మీదికి పెట్టండి. బయట సున్నాకు దగ్గరగా ఉంటే చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ పనిచేయదు. అప్పుడు హీటర్, బయటి గాలి మీదే ఆధారపడాలి. మంచు కరిగి నీరయ్యాక మైక్రోఫైబర్ గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆ తడి గుడ్డను కారులో వదిలేయకుండా బయట పెట్టండి. లేదంటే ఆ నీరే రేపు మళ్లీ అద్దానికి చేరుతుంది. ఫోన్ యాప్‌తో ముందే వేడిచేసే సౌకర్యం ఉన్న కార్లలో బయలుదేరడానికి కొద్దిసేపటి ముందు ఆన్ చేసుకోవచ్చు.

ఇవి మాత్రం చేయకండి

- అద్దంపై వేడినీళ్లు పోయవద్దు. ఒక్కసారిగా వేడి తగిలితే అద్దం పగిలిపోవచ్చు.
- మూసి ఉన్న గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి ఉంచవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, అది ప్రాణాలు తీస్తుంది.
- వెనక అద్దాన్ని లోపలి నుంచి గీకవద్దు. వేడి తీగలు తెగితే ఆ భాగం ఇక పనిచేయదు.
- చిన్న రంధ్రమంత తుడుచుకుని బండి తీయవద్దు. బ్రిటన్ హైవే కోడ్ 229వ నియమం ప్రకారం బయలుదేరే ముందే అన్ని అద్దాల మీది మంచును తొలగించాలి. మన దగ్గరా ఇదే పద్ధతి మంచిది.

రోజూ ఇలాగే అవుతోందా?

అయితే కారులోకి ఎక్కడి నుంచో నీరు చేరుతోందని అనుమానించాలి. మ్యాట్లు ఎత్తి కింద కార్పెట్‌ను చేత్తో నొక్కి చూడండి. తడి తగిలితే ఈ కారణాలు వెతకండి.

- తలుపులు, డిక్కీ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ చిరిగి ఉండటం.
- ముందు అద్దం కింద, బానెట్ అంచున నీరు పోయే దారిలో ఆకులు పేరుకోవడం. కారును చెట్టుకింద నిలిపేవారికి ఇది మామూలే.
- ఏసీ నీరు కిందికి పోయే గొట్టం మూసుకుపోయి, నీరు ముందు సీటు కాళ్ల దగ్గరికి రావడం.
- అద్దంపై జిడ్డు పొర, కారులో తియ్యటి వాసన ఉంటే హీటర్ దగ్గర కూలెంట్ లీక్ కావడం. ఇది విషపూరితం, ఇంజిన్ కూడా వేడెక్కి పాడవుతుంది. వెంటనే మెకానిక్‌కు చూపించండి.

లీకులు లేకపోతే క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్ చూడండి. అది దుమ్ముతో నిండితే గాలి సరిగా రాదు. అద్దాల లోపలి వైపు వారానికోసారి శుభ్రంగా తుడవండి. జిడ్డు, దుమ్ము ఉన్న అద్దం త్వరగా మసకబారుతుంది. తడి గొడుగులు, టవళ్లు కారులో వదిలేయకండి. సిలికా జెల్ సంచులు కొంత తేమను పీల్చుకుంటాయి కానీ లీకుకు అవి మందు కాదు.

దారిలో చిక్కుకుంటే ఎవరికి ఫోన్ చేయాలి?

జాతీయ రహదారిపై ఉంటే 1033కు చేయండి. ఇది జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్, 24 గంటలూ పనిచేస్తుంది. ప్రమాదం జరిగితే 112 లేదా 108కు చేయండి. మీ పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె చెబితే సహాయం త్వరగా చేరుతుంది. పొగమంచులో కారు ఆపాల్సి వస్తే రోడ్డు మీద కాకుండా పూర్తిగా పక్కకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి ఉంచండి. నడుపుతున్నప్పుడు హై బీమ్ వద్దు. పొగమంచు ఆ వెలుతురును మీ కళ్లలోకే తిప్పికొడుతుంది.

రాత్రి కారు పార్క్ చేసే ముందు ఒక్క నిమిషం తలుపులు తెరిచి ఉంచండి. లోపలి వెచ్చటి తేమ గాలి బయటికి పోతుంది. ఉదయాన్నే ఐదు నిమిషాలు ముందుగా కారు దగ్గరికి వెళ్లండి. అద్దాలన్నీ తేటపడ్డాకే గేరు వేయండి.