సర్కారు జిల్లాల పాత తుపాకులు: తుప్పు, సైఖల్, శాసనం

శ్రీకాకుళం పట్టణంలోని జామియా మస్జిద్‌ను 1641లో నిర్మించిన షేర్ ముహమ్మద్ ఖాన్ కుతుబ్‌షాహీల తరపున చికాకోల్ ఫౌజ్‌దారు. విజయనగరం పూసపాటివారి మూలపురుషుడు, బొబ్బిలివారి మూలపురుషుడు ఇద్దరూ ఆయన సైన్యం వెంట ఈ ప్రాంతానికి వచ్చినవారేనని స్థానిక చరిత్రలు చెబుతాయి. షేర్ అంటే పులి. ఆయన గౌరవార్థం పెట్టిన 'పెద్దపులి' అన్న పేరే బెబ్బులి అయి, చివరకు బొబ్బిలి అయిందని ప్రతీతి. ఒకే ఫౌజ్‌దారు నీడన స్థిరపడిన ఈ రెండు వంశాలు శతాబ్దం గడిచాక, 1757 జనవరి 24న (హిజ్రీ 1170) బొబ్బిలి కోట దగ్గర తలపడ్డాయి. విజయరామరాజు పక్షాన బుస్సీ ఫిరంగులు, ఆయన దివాను హైదర్ జంగ్ రాజకీయం ఉన్నాయి. ఆ కథ తెలుగువారందరికీ తెలిసినదే.

అంతగా తెలియనిది ఆయుధాల సంగతి. యుద్ధం ఒక్క రోజులో ముగుస్తుంది. తుపాకీ మాత్రం జమేదారు ఇంటికో, సిపాయి ఇంటికో చేరి, తండ్రి నుంచి కొడుక్కి సంక్రమిస్తూ పోతుంది. ఫరాయిజ్ లెక్కల ప్రకారం పొలాన్ని, నగదును భాగాలు వేయవచ్చు గాని తుపాకీని ముక్కలు చేయలేరు కదా. అది ఎవరో ఒకరి వాటాకు వస్తుంది, అటక ఎక్కుతుంది, తుప్పు పడుతుంది. సముద్రపు గాలి తగిలే ఈ జిల్లాల్లో ఇనుముకు పెద్ద శత్రువు ఉప్పు. తేమతో కలిసి అది లోహపు రంధ్రాల్లోకి దిగుతుంది. పైపొర గీకేసినా లోపలి నుంచి మళ్లీ ఎర్రని పొడి రాలుతుంది.

తుపాకీ శుభ్రం చేయడం ఒకప్పుడు రాజ్యవ్యవహారం. ఆ రోజుల్లో సిపాయిల చేతిలో ఎక్కువగా ఉండేది తోడేదార్ బందూకు, అంటే ఒత్తి తాడుతో నిప్పంటించి పేల్చేది. ఫ్రెంచి పటాలాల చేతిలో చెకుముకి తుపాకులు ఉండేవి. రెంటిలోనూ మందు కాలిన మసి గొట్టంలో పేరుకుని తేమను పీలుస్తుంది. అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో ఈ పనికి ప్రత్యేకంగా ఒక ప్రకరణమే కేటాయించాడు. పూర్వం బలమైన మనుషులు ఇనుప పనిముట్లతో చాలాసేపు శ్రమించి గొట్టాలు తోమేవారట. అక్బర్ కాలంలో ఒక చక్రం తయారైంది. పశువు దానిని తిప్పుతుంటే పదహారు గొట్టాలు ఒకేసారి స్వల్ప వ్యవధిలో శుభ్రమయ్యేవి. ఆయుధాలకు మెరుగుపెట్టే పనివాణ్ణి సైఖల్‌గర్ అనేవారు. అరబ్బీలో 'సఖల' అంటే మెరుగుపెట్టడం. సూఫీలు హృదయాన్ని తోమడానికి వాడుకున్నదీ ఇదే మాట.

అదే గ్రంథంలో ఇంకొక విషయం ఉంది. చరిత్రకు అదే ముఖ్యం. షాహీ తుపాకీ గొట్టంపై దాని బరువు, ఇనుము తెచ్చిన చోటు, పనివాని పేరు, తయారైన స్థలం, తేదీ, వరుస సంఖ్య చెక్కేవారు. అంటే ఆ గొట్టం ఒక ఇనుప దస్తావేజు. సర్కారు జిల్లాల తుపాకులన్నిటిపైనా ఇన్ని వివరాలు ఉండవు. అయినా ఒక పేరు, ఒక హిజ్రీ సంవత్సరం, ఒక ముద్ర ఉన్నా చాలు. ఆ కుటుంబం ఎవరి కొలువులో ఉండేదో తెలుసుకోవడానికి దారి దొరుకుతుంది.

కానీ ఇళ్లలో సాధారణంగా జరిగేది ఏమిటి? ఇత్తడి బిందెను తోమినట్టే తుపాకీని కూడా చింతపండు, ఇటుక పొడి వేసి తళతళలాడేదాకా తోముతారు. చింతపండులోని పులుపు తుప్పుతో బాటు ఇనుముపై దశాబ్దాలుగా ఏర్పడిన నల్లని పొరను కూడా తినేస్తుంది. ఆ నల్లపొర తుప్పు కాదు, గొట్టానికి రక్ష. ఇటుక పొడి అక్షరాలను అరగదీస్తుంది. సన్నని బంగారు, వెండి తీగలు పొదిగిన పని ఉంటే అది ముందే పోతుంది. అక్బర్ పనివాళ్లు గొట్టం లోపల తోమింది మళ్లీ పేల్చడానికి. నేటి వారసునికి ఆ అవసరం లేదు. అతడు కాపాడవలసింది గొట్టం పైనున్న రాతను.

అన్నిటికంటే ముందు గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడాలి. మూతి నుంచి దట్టించిన మందు, గుండు అలాగే ఉండిపోయిన పాత తుపాకులు తరచు కనబడతాయి. నల్లమందు పొడిగా ఉంటే వందేళ్లయినా చావదు. మూతి వైపు ఎవరూ నిలబడకుండా, సన్నని కర్రను మెల్లగా లోపలికి దింపి ఆగినచోట గుర్తు పెట్టుకోవాలి. దాన్ని బయట రంజకపు రంధ్రం దాకా ఉన్న పొడవుతో పోల్చాలి. కర్ర అంతకు బాగా ముందే ఆగితే లోపల ఏదో ఉన్నట్టే. అప్పుడు దాని జోలికి పోకుండా పోలీసులకు తెలియజేయాలి. వేడి చేయడం, సుత్తితో కొట్టడం ప్రాణాంతకం.

ఖాళీ అని తేలాక పని నిదానంగా సాగాలి. ఎర్రని తుప్పుపై పలుచని యంత్రనూనె రాసి కొన్ని రోజులు వదిలేయాలి. మెత్తబడిన తుప్పును గుడ్డతో, వెదురు పుల్లతో తీయాలి. నల్లపొర కనబడగానే ఆపాలి. అక్షరాలున్నచోట లోహపు బ్రష్షు తగలనీయరాదు. చివర పలుచగా మైనం పూత చాలు. కర్ర కుందాకు నీళ్లు పెట్టకూడదు. తోలు ఒరలో పెట్టి దాచకూడదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. చేతి చెమటలోనూ ఉప్పు ఉంటుంది కనుక పొడి గుడ్డతోనే పట్టుకోవాలి.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. 1878 ఆయుధాల చట్టం తుపాకీకి లైసెన్సు తప్పనిసరి చేసింది. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన 1959 చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 45వ సెక్షన్ ప్రకారం, కాలంచెల్లిన లేదా పురాతన విలువ గల ఆయుధమైనా, పాడైనదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే స్థితిలో లేకపోతేనే మినహాయింపు. తుప్పు తుడవడం వేరు, మీట, గుర్రం బాగుచేసి పేలేలా చేయడం వేరు. తుపాకీ మరమ్మతు ఎవరు చేసినా దానికి లైసెన్సు కావాలి. తన తుపాకీ ఏ కోవకు వస్తుందో తెలియని వారసుడు కలెక్టరు కార్యాలయంలో విచారించడమే క్షేమం.

శుభ్రపరచిన గొట్టంపై పలుచని కాగితం పరచి, పెన్సిలుతో మృదువుగా రుద్దితే అక్షరాల అచ్చు వస్తుంది. ఫార్సీ చదవగల వారికి ఆ కాగితం చూపితే చాలు, తుపాకీని ఊరూరా మోయనక్కరలేదు. అందులో 1170 అని ఉందనుకుందాం. అది 1756 సెప్టెంబరు నుంచి 1757 సెప్టెంబరు వరకు నడిచిన సంవత్సరం, బొబ్బిలి యుద్ధం జరిగిన ఏడాది. చివరి అంకె ఇటుక పొడికి అరిగిపోతే 1170 నుంచి 1179 దాకా ఏదైనా కావచ్చు. ఆ పదేళ్లలో బొబ్బిలి కోట కూలింది, 1758లో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు, 1765లో షా ఆలం ఫర్మానాతో సర్కారులు ఇంగ్లీషువారికి దఖలు పడ్డాయి. ఆ తుపాకీ వీటిలో ఎవరి కొలువులో పేలిందో చెప్పడానికి ఆ ఇంట్లో ఇక ఏ ఆధారమూ మిగలదు.