రెండోసారి రాకూడని అంకె

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. శాసనసభ ఓట్ల లెక్కింపు ఈ మూడు చోట్లా చివరికి చీటీల దగ్గరకే వస్తుంది. ఒక్కో పోలింగ్ కేంద్రం నంబరు వేసిన తెల్ల కార్డును ఏజెంట్లకు చూపించి, మడిచి డబ్బాలో వేస్తారు. బాగా కుదిపాక రిటర్నింగ్ అధికారి ఐదు తీస్తారు. ఆ ఐదు కేంద్రాల వీవీప్యాట్ స్లిప్పులను ఈవీఎం లెక్కతో సరిచూస్తారు. మొదట్లో నియోజకవర్గానికి ఒక్క కేంద్రంలోనే ఇలా సరిచూసేవారు. సగం కేంద్రాల్లో సరిచూడాలని చంద్రబాబు నాయుడు సహా 21 మంది ప్రతిపక్ష నేతలు కోరగా, 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు దాన్ని ఐదుకు పెంచింది.

తీసిన చీటీ ఇక డబ్బాలో ఉండదు కాబట్టి ఐదూ వేర్వేరే. కంప్యూటర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒక నియోజకవర్గంలో 300 కేంద్రాలున్నాయనుకుందాం. ఒకటి నుంచి 300 లోపు ఏదో ఒక అంకె చెప్పమని దాన్ని ఐదుసార్లు అడిగితే, చెప్పిందే మళ్లీ చెప్పే అవకాశం 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోని 175 నియోజకవర్గాలకూ ఇలాగే తీస్తే ఐదారు చోట్ల లెక్క తప్పుతుంది.

వచ్చిందే వస్తే వదిలేసి మళ్లీ అడగొచ్చు. ఐదింటికైతే ఫరవాలేదు. మొత్తం 300 అంకెలనూ కలగలిపి వరుస పెట్టాలంటే మాత్రం సగటున 1,885 సార్లు అడగాలి. అందులో ఆఖరి అంకె ఒక్కదానికే 300 సార్లు!

దీనికి విరుగుడు కంప్యూటర్ల కన్నా ముందే పుట్టింది. 1938లో రోనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ తమ గణాంక పట్టికల పుస్తకంలో కాగితం, పెన్సిలు చాలే పద్ధతి చెప్పారు. అంకెలన్నీ వరుసగా రాసుకోవాలి. మిగిలినవాటిలో ఎన్నోది తీయాలో యాదృచ్ఛిక అంకెల పట్టిక చూసి, దాన్ని కొట్టేసి పక్కన రాసుకోవాలి.

కొట్టివేతలను దాటుకుంటూ లెక్కపెట్టడం యంత్రానికి దండగ పని. 1964లో రిచర్డ్ డర్‌స్టెన్‌ఫెల్డ్ ఆ శ్రమ తప్పించాడు: ఎంచుకున్న అంకెను వరుసలో చివరిదానితో తారుమారు చేసి, వరుసను ఒకటి కుదించాడు. 300 అంకెలకు 299 తారుమార్లు చాలు. డొనాల్డ్ నూత్ పుస్తకంతో ఇది ప్రోగ్రామర్లందరికీ చేరింది.

ఐదింటి కోసం 300 రాసుకోవడం ఎందుకని 1987లో రాబర్ట్ ఫ్లాయిడ్ పద్ధతి మరో దారి చూపింది. మొదట 296 లోపు ఒకటి, తర్వాత 297 లోపు ఒకటి, అలా 300 దాకా. పాత అంకె మళ్లీ వస్తే ఆ హద్దు అంకెనే తీసుకోవాలి. సరిగ్గా ఐదుసార్లు అడిగితే చాలు, ఐదేసి అంకెల జట్లన్నింటికీ సమాన అవకాశం.

నేడు పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఇదంతా ఒక్క వరుస కోడ్. లోపల మాత్రం రెండు దారులున్నాయి: పెద్ద గుంపులోంచి కొన్నే కావాలంటే వచ్చినవాటిని గుర్తుంచుకుని, మళ్లీ వస్తే వదిలేస్తుంది. లేదంటే జాబితా రాసుకుని తీసేస్తూ పోతుంది. ఎన్నింటిలోంచి ఎన్ని కావాలన్నదే దారిని తేలుస్తుంది.