క్యాన్సర్ చికిత్సకు తోడుగా అనుబంధ వైద్యం

క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ జరుగుతున్న కాలంలో రోగికి కలిగే వాంతులు, నిస్త్రాణ, నోటిపూత, నిద్రలేమి వంటి బాధలను తగ్గించుకొనుటకు యోగా, ప్రాణాయామం, మర్దనం, ఆక్యుపంక్చర్, వంటింటి ద్రవ్యాలు మొదలైన వాటిని ఆసరాగా తీసుకోవడాన్ని అనుబంధ చికిత్స అంటారు. ఆసుపత్రి వైద్యాన్ని విడిచి వీటినే నమ్ముకుంటే అది ప్రత్యామ్నాయ చికిత్స అవుతుంది. పేర్లు దగ్గరివే గాని ఫలితాలు దగ్గరివి కావు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు 2018లో రెండు అధ్యయనాలు ప్రకటించారు. మొదటిదానిలో, నయం చేయదగిన దశలో ఉండి కూడా కేవలం ప్రత్యామ్నాయ వైద్యాన్ని ఆశ్రయించిన 281 మందిని పరిశీలించగా, వారిలో మరణభయం ఇతరులకంటే రెండున్నర రెట్లు ఉన్నట్లు తేలింది. రెండవది మరింత ఆలోచింపజేసేది. ఆసుపత్రి వైద్యంతోపాటు అనుబంధ చికిత్స పొందిన 258 మందిలోనూ ఆ భయం రెండు రెట్లు కనిపించింది. కారణం అనుబంధ చికిత్స విషం కావడం కాదు. వారిలో అనేకులు మధ్యలో కీమోనో, రేడియేషన్‌నో, హార్మోను మాత్రలనో వద్దన్నారు. తోడుగా ఇంట్లోకి వచ్చినది మెల్లగా బదులుగా మారిందన్నమాట.

కృష్ణగిరిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమైనప్పటికీ, సూళగిరి, వేపనపల్లి ప్రాంతాలలో క్యాన్సర్ అనగానే చాలామంది చూపు బెంగళూరు వైపే మళ్ళుతుంది. 1973లో స్థాపితమైన కిద్వాయి స్మారక ఆంకాలజీ సంస్థ అక్కడి హోసూరు రోడ్డు మీదనే ఉంది. కీమో మందు ఎక్కించుకొని అనేకులు ఆనాడే ఇంటికి తిరిగి వస్తారు. వికారం మొదలయ్యేది ఇంట్లో, చాలాసార్లు రాత్రివేళ. కనుక ఇంటివారు ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో తెలిసి ఉండడం అవసరం.

వికారానికి అల్లం మంచిదన్న పెద్దల మాటకు కొంత ఆధారం ఉంది. 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 576 మంది రోగులను పరిశీలించగా, రోజుకు అర గ్రాము నుండి ఒక గ్రాము వరకు అల్లం గుళికలు తీసుకున్నవారికి మొదటి రోజు వికారం తగ్గింది. అయితే వారందరికీ వాంతుల మాత్రలు కూడా ఇచ్చారు. ఈ సంగతిని పత్రికలు తరచుగా వదిలివేస్తాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, ప్లేట్‌లెట్లు తగ్గినవారు వైద్యుని అడగనిదే అల్లం గుళికలు వాడరాదు.

యోగా విషయంలో ఆధారం మన పొరుగునే దొరుకుతుంది. ఆనేకల్ సమీపాన జిగణిలో ఉన్న స్వామి వివేకానంద యోగ అనుసంధాన సంస్థ పరిశోధకులు, రొమ్ము క్యాన్సర్‌కు కీమో పొందుతున్న 62 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. యోగా చేసినవారిలో వికారం తక్కువసార్లు, తక్కువ తీవ్రతతో వచ్చింది. నిస్త్రాణకు విశ్రాంతి ఒక్కటే మందని మనవారి నమ్మకం. నిజానికి వైద్యుని అనుమతితో రోజూ కొంత నడక, తేలిక వ్యాయామమే దానిని తగ్గిస్తాయి. హార్మోను మాత్రల వలన కలిగే కీళ్ళనొప్పులకు ఆక్యుపంక్చర్‌ను అమెరికా క్యాన్సర్ వైద్యసంఘాలు 2022లో సిఫారసు చేశాయి. గొంతు, నోటి భాగాలకు రేడియేషన్ పొందేవారికి నోటిపూత రాకుండా తేనె కొంత తోడ్పడుతుంది. మధుమేహం ఉన్నవారు మాత్రం అడిగి తీసుకోవాలి. రేడియేషన్ పడిన చర్మానికి పసుపు, గంధం, నూనె పట్టించడం తగదు. గడ్డ ఉన్నచోట, వ్యాధి సోకిన ఎముకల మీద మర్దనం చేయరాదు.

అసలు చిక్కు లోపలికి మ్రింగే వాటితోనే. కూరలో వేసే పసుపుకు భయపడనక్కరలేదు. పసుపు సారం గుళికల సంగతి వేరు: 2002లో ఎలుకలపై జరిగిన ప్రయోగంలో ఆహారంలో కలిపిన కర్‌క్యుమిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు పనిని తగ్గించింది. గ్రేప్‌ఫ్రూట్, దాని బంధువైన పంపరపనస కొన్ని క్యాన్సర్ మాత్రల మోతాదును రక్తంలో తారుమారు చేయగలవు. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను అంగీకరించలేదు. ఆ వాదం ఎలా ఉన్నా, కీమోతో కాలేయం అలసి ఉన్న సమయంలో ఆ ప్రయోగం చేయడం వివేకం కాదు. క్యాన్సర్‌ను కరిగిస్తుందని ప్రచారంలో ఉన్న లక్ష్మీతరు ఆకు కషాయం మనుషులలో అలా చేసినట్లు నిరూపణ లేదు. లక్ష్మణఫలానికీ అంతే, పైగా దానిని అధికంగా వాడే గ్వాడెలూప్ ద్వీపంలో కంపవాతం వంటి జబ్బుతో దానికి సంబంధం ఉండవచ్చునని 1999లో వైద్యులు గుర్తించారు.

సరిహద్దు ప్రాంతంలో మరొక ఇబ్బంది ఉంది. మన తిప్పతీగ కన్నడంలో అమృతబళ్ళి, తమిళంలో సీందిల్. పెన్నేరుగడ్డ తమిళంలో అముక్కరా, నాటుమందుల అంగడిలో అశ్వగంధ. తెలుగులో చెప్పిన పేరు బెంగళూరు వైద్యునికి తెలియకపోవచ్చు. అందువలన చాలామంది చెప్పనే చెప్పరు. తిడతారేమోనన్న బెరుకు కూడా దీనికి తోడవుతుంది. వాడుతున్న పొడి, లేహ్యం, ఆకు ఏదైనా సరే, పొట్లంతో, సీసాతో సహా తీసుకుపోయి చూపడమే సులభమైన దారి. పేరే లేని పొడులు, భస్మాలు మరింత అనుమానించదగినవి. 2004లో అమెరికాలోని బోస్టన్ అంగళ్ళలో కొన్న 70 ఆయుర్వేద మందులలో 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి బయటపడ్డాయి.

కీమో తరువాత సాధారణంగా 7 నుండి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజులలో గోధుమగడ్డి రసం వంటి పచ్చి రసాలు మానడం మంచిది. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే కషాయం కాచి తెల్లవారేదాకా వేచి ఉండరాదు. ఆ రాత్రే ఆసుపత్రికి చేరాలి. ముదిరిన వ్యాధిలో నొప్పికి ధ్యానం, మెల్లని స్పర్శ ఊరటనిస్తాయి గాని అవి మార్ఫిన్‌కు బదులు కావు. నయంకాని దశలో ఉన్న క్యాన్సర్ రోగులకు బెంగళూరులోని కరుణాశ్రయ 1999 నుండి రుసుము లేకుండా ఇటువంటి ఉపశమన సేవ అందిస్తున్నది.